మెరిట్ ప్రకారం పరుగు

బడుల్లో ఆటల పీరియడ్ ఎత్తేసిన మహానుభావులకు నిలువెత్తు విగ్రహాలు పెట్టించాలి. స్థలం లేదంటారా? నిజమే, మైదానాల్లో ఇప్పటికే కొత్త బ్లాకులు లేచాయి. పోనీ, మేడల మీద పెట్టిద్దాం.

పిల్లలకు ఆట లేదు, గాలి లేదు, ఎండ లేదు అని గుండెలు బాదుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరు చెప్పారండీ ఆట లేదని? పదకొండు కిలోల సంచీ వీపున వేసుకుని రోజుకు నాలుగుసార్లు మూడో అంతస్తు ఎక్కడం వెయిట్ లిఫ్టింగ్ కాదా? నోట్లో సగం ముద్ద, కాలికి ఒకే బూటు, చేతిలో రెండో బూటుతో స్కూలు బస్సు వెంట పడడం హర్డిల్స్ కాదా? ఏ దేశపు ఛాంపియన్నైనా సరే తీసుకొచ్చి తొమ్మిదో తరగతి బెంచీ మీద ఎనిమిది గంటలు కూర్చోబెట్టండి. మూడో పీరియడ్ కల్లా నడుం పట్టుకుని చేతులెత్తేస్తాడు. మన పిల్లలు చెయ్యి ఎత్తరు. ఎత్తితే ప్రశ్న అడుగుతారని భయం.

మా తరం మోకాళ్ళు చూశారా ఎప్పుడైనా? అన్నీ మచ్చలే, ఒకదాని మీద ఒకటి. ఇప్పటి పిల్లల మోకాళ్ళు చూడండి, షోకేసులో పెట్టిన గాజు గ్లాసుల్లా తళతళలాడుతుంటాయి. ఇది అభివృద్ధి కాదా?

చదువూ ఆటా సమతూకంగా ఉండాలని ఉపన్యాసాలిస్తారు. ఒక పళ్ళెంలో అది, ఒక పళ్ళెంలో ఇది, ముల్లు సరిగ్గా మధ్యలో. ఎంత తలనొప్పి! నాకు తెలిసిన ఒక బడిలో ఆ తలనొప్పి లేకుండా తక్కెడనే తీసి అవతల పారేశారు. అయినా ఆ బడిలో ఒక డ్రిల్లు మాస్టారు మిగిలిపోయారు. తక్కెడ పోయాక తూకపు రాయి మిగిలినట్టు. ఆ మాస్టారి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఆట ఎంత ప్రమాదమో ఈ సంగతి విన్నాక మీకే తెలుస్తుంది.

ఆయన ఆ బడిలో చేరి ఇరవై రెండేళ్ళు. చేరినప్పుడు మైదానం ఉండేది. తర్వాత అందులో సగం బస్సులు నిలబడ్డాయి, మిగతా సగంలో నాలుగంతస్తుల బ్లాకు నిలబడింది, నిలబడడానికి చోటు లేనిది డ్రిల్లు మాస్టారికి ఒక్కరికే. మెట్ల కింద ఒక కుర్చీ వేశారు. రెండు ఫుట్‌బాళ్ళను ప్లాస్టిక్ కవరు కూడా తియ్యకుండా ప్రిన్సిపాలు గదిలో అద్దాల బీరువాలో పెట్టారు. తనిఖీకి వచ్చినవాళ్ళు వాటిని చూసి తల ఊపి వెళ్ళేవారు. బంతికి ఇంతకంటే గౌరవం ఏముంటుంది? ఎవరూ తన్నరు.

టైంటేబుల్లో మాత్రం వారానికి రెండు ఆటల పీరియడ్లు ఆకుపచ్చ సిరాతో అందంగా రాసి ఉండేవి. ముందురోజు సాయంత్రం ఎవరో ఒక సబ్జెక్టు టీచరు మెట్ల కిందికి వంగి చూసేవారు. ఎక్కువగా లెక్కల మేడమ్.

"మాస్టారూ, రేపటి పీరియడ్ నాకిచ్చెయ్యండి. ఈ ఒక్కరోజే."

"అలాగే మేడమ్."

ఆ ఒక్కరోజు ఏళ్ళ తరబడి నడుస్తోంది. ఆయన కాదన్నది ఒక్కసారీ లేదు. కాదంటే తన పీరియడ్‌లో పిల్లలను ఎక్కడికి తీసుకెళ్ళాలో ఆయనకూ తెలియదు మరి.

అందుకని ఆయనకు వేరే పనులిచ్చారు. వారపు పరీక్షల్లో "పెన్నులు కింద పెట్టండి" అనడానికి ఈల ఊదాలి. పొద్దున ఎనిమిదింటి నుంచి గేటు దగ్గర నిలబడి లేటుగా వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవాలి. ఎంత లేటో నిమిషాలూ సెకన్లతో సహా రాయాలని ప్రిన్సిపాలు ఆయనకు ఒక స్టాప్‌వాచ్ కూడా ఇప్పించారు. పరుగు పందేలకు కొనమంటే పదేళ్ళు కొననిది, ఆలస్యం కొలవడానికి అడక్కుండానే వచ్చింది.

ఆ స్టాప్‌వాచే కొంప ముంచింది.

తొమ్మిదో తరగతిలో తూనీగ అని పిలిచే ఒక పిల్ల ఉంది. వాళ్ళమ్మ సిటీ బస్సులో కండక్టరు. ఆ అమ్మ బస్సులోనే బడికి వచ్చేది. కానీ పొద్దుటి రద్దీలో కూతురు సీటులో కూర్చుంటే జనం చూసి నవ్వుతారని, సిగ్నలు దగ్గర ఆమె పిల్లను దించేసేది. "దిగవే, ఇక్కణ్ణుంచి మూడే స్టాపులు. టిక్కెట్టు కొన్నవాళ్ళు నిలబడ్డారు, నువ్వు కూర్చున్నావు."

మొదటిరోజు ఆ పిల్ల బస్సుకంటే ముందు గేటు దగ్గరికి రావడం చూసి మాస్టారు బస్సు ఎక్కడో ఆగిపోయిందేమో అనుకున్నారు. రెండోరోజూ ముందే వచ్చింది. మూడోరోజు ఆయన చెయ్యి ఆయనకు తెలియకుండానే స్టాప్‌వాచ్ నొక్కింది. నాలుగోరోజు ఆయన తన వాచీని నమ్మలేక గోడ గడియారం కూడా చూసుకున్నారు.

బస్సు వచ్చి ఆగింది. కండక్టరమ్మ ఫుట్‌బోర్డు మీదినుంచి వంగి అడిగింది.

"మాస్టారూ, మా పిల్ల గాని లేటయిందా?"

"లేదమ్మా. మీ బస్సే లేటు."

ఆ సాయంత్రం మెట్ల కింద కుర్చీలో ఆయన చాలాసేపు కూర్చున్నారు. ఇరవై రెండేళ్ళ కింద తన మెడలో వేళ్ళాడిన పతకం గుర్తొచ్చింది. ఎంత ప్రమాదమో చూశారా? చక్కగా ఈల ఊదుకుంటున్న మనిషికి ఆశ పుట్టింది!

పుట్టిన ఆశ ఊరుకుంటుందా? వారం తిరక్కుండానే పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. బాలికల ఎనిమిది వందల మీటర్ల పరుగుకు ప్రతి బడీ ఒకరిని పంపాలి. మొదటి మూడు స్థానాల్లో వచ్చినవాళ్ళను క్రీడా పాఠశాలలో చేర్చుకుంటారు. తిండీ, ఉండడం, చదువూ, శిక్షణా అన్నీ అక్కడే.

ఇక్కడ ఈ బడి ఆనవాయితీ ఒకటి మీకు చెప్పాలి. పదో తరగతి ఫలితాలు చెడిపోకుండా, తొమ్మిది కాగానే చివరి అయిదుగురి చేతిలో టీసీలు పెట్టి "ఇంకెక్కడైనా చూసుకోండి" అని సాగనంపుతారు. తూనీగ ర్యాంకు నలభై ఒకటి. టీసీల జాబితాలో ఆ పిల్ల పేరు అప్పుడే ఎక్కింది. అంటే మూడు నెలల తర్వాత ఆ పిల్లకు బడి లేదు. ఈ పరుగులో మూడోదిగా వచ్చినా ఉంది. ఆ సంగతి తెలిసింది మాస్టారికి ఒక్కరికే. కాగితం పట్టుకుని ప్రిన్సిపాలు గదికి వెళ్ళారు.

"ఎవర్ని పంపుదాం?" అన్నారు ప్రిన్సిపాలు.

"తొమ్మిదిలో ఒక పిల్ల ఉంది సార్. బస్సుకంటే ముందొస్తుంది."

"ర్యాంకెంత?"

"పరుగులోనా సార్?"

"మాస్టారూ."

"నలభై ఒకటి సార్."

ప్రిన్సిపాలు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "నలభై ఒకటో ర్యాంకు పిల్ల ఒకపూట క్లాసు పోగొట్టుకుంటే నలభై రెండుకు పడిపోతుంది. ఆ పాపం ఎవరు మోస్తారు?"

"క్లాసులో ఉన్నదే నలభై ఒక్కమంది సార్."

"అదే నేను చెప్పేది. ఇంక పడడానికి చోటు కూడా లేదు. క్లాసు పోయినా నష్టం లేనివాళ్ళను పంపాలి. ఎవరికి నష్టం లేదు? ఫస్ట్ ర్యాంకుకు. మెరిట్ ప్రకారం పోదాం మాస్టారూ, రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు."

ఎంత నిజాయితీ! ఎంత తర్కం! ఇంకో చోటైతే ఎవరు వేగంగా పరిగెత్తుతారో వాళ్ళను పంపేసేవాళ్ళు, ఏ పద్ధతీ పాడూ లేకుండా.

మాస్టారు కాగితం మళ్ళీ ముందుకు జరిపారు. "పోనీ సార్, ఒక పోటీ పెట్టి చూద్దామా?"

"తప్పకుండా. పోటీ ఉండాల్సిందే" అన్నారు ప్రిన్సిపాలు. పోటీ పెట్టారు. ఇరవై ప్రశ్నలు, అరగంట.

పరుగు మీద రాతపరీక్ష అది. ట్రాకు చుట్టుకొలత ఎంత, లేన్లు ఎన్ని, ఏ దిశగా పరిగెత్తవలెను. ఫస్ట్ ర్యాంకు అనే పిల్లకు ఇరవైకి ఇరవై వచ్చాయి. ఆ పిల్లను అసలు పేరుతో పిలవడం ఇంట్లోవాళ్ళు కూడా ఎప్పుడో మానేశారు. పుట్టాక బస్సు వెంట కూడా పరిగెత్తి ఎరగదు. కారులో వస్తుంది, కారులో పోతుంది.

తూనీగ కాగితం దిద్దింది మాస్టారే. "పరుగులో శ్వాస ఎట్లు తీసుకొనవలెను?" అన్నదానికి "అప్పుడు చూసుకోలేదు సార్" అని రాసింది. "ముగింపు గీత దాటిన వెంటనే క్రీడాకారిణి ఏమి చేయవలెను?" అన్నదానికి "ఆగాలి" అని రాసింది. ఆన్సర్ కీలో ఆరు లైన్ల జవాబు ఉంది, వేగం క్రమక్రమముగా తగ్గించవలెను అని మొదలవుతుంది. ఎర్ర పెన్ను చేతిలో పట్టుకుని ఆయన ఆ ఒక్క మాట మీద పది నిమిషాలు ఆగిపోయారు. చివరికి తప్పు పెట్టారు. ఆన్సర్ కీ దాటి మార్కు వేస్తే మెరిట్ ఏమైపోవాలి? ఇరవైకి ఆరు.

మర్నాడు ఫస్ట్ ర్యాంకు తండ్రి వచ్చారు. ఆయన పళ్ళ డాక్టరు. మెట్ల కిందికి రాలేక వంగి మాట్లాడారు.

"మాస్టారు గారూ, దీని సర్టిఫికెట్టుంటే పైచదువులకు కోటా ఉంటుందటగా. అమ్మాయి పాల్గొంటే చాలు, మరీ పరిగెత్తకపోయినా."

"పాల్గొనడమంటే పరిగెత్తడమే సార్."

"కొంచెం మెల్లగా?"

"దానికి మీరు దిగులు పెట్టుకోకండి సార్. అమ్మాయి పరుగు ఎలాగూ మెల్లగానే."

డాక్టరు గారు ఆ సాయంత్రమే అమ్మాయికి ఖరీదైన బూట్లు కొన్నారు. పాదం పెరిగినా పనికొస్తాయని ఒక నెంబరు పెద్దవి.

మూడో అంతస్తు వరండాలో శిక్షణ మొదలైంది. వరండాలో పరిగెత్తితే శిక్ష అని గోడ మీద రాసి ఉంది కాబట్టి ముందుగా ప్రిన్సిపాలు చేత అనుమతి పత్రం రాయించుకున్నారు. ఫస్ట్ ర్యాంకు ఆ చివరికి ఆయాసపడుతూ వెళ్ళి, కిటికీ మీద పెట్టిన సూత్రాల కాగితం ఒకసారి చూసుకుని, ఈ చివరికి ఆయాసపడుతూ వచ్చేది. లెక్కల మేడమ్ తలుపు తీసి తల బయట పెట్టారు.

"మాస్టారూ, పరుగు చప్పుడు మా క్లాసులోకి వస్తోంది. కొంచెం చప్పుడు కాకుండా పరిగెత్తించండి."

ఆ పైన ఫస్ట్ ర్యాంకు మునివేళ్ళ మీద పరిగెత్తింది. ప్రపంచంలో ఏ కోచ్‌కూ తట్టని పద్ధతి!

పేర్లు పంపే ఫారంలో "రిజర్వు" అని ఒక గడి ఉంది. మాస్టారు అందులో తూనీగ పేరు రాసి, సంతకానికి పట్టుకెళ్ళారు.

"రిజర్వులో ఎవరో ఒకరి పేరు ఉండాలి కదా అని రాశాను సార్."

"మంచిపని చేశారు. ఖాళీ గడి ఉంటే ఫారం చూడ్డానికి బాగోదు" అని ప్రిన్సిపాలు సంతకం పెట్టి, ముద్ర కూడా వేశారు. ఖాళీ గడిని ఆయన పుట్టుకతోనే ఓర్వలేరు.

పోటీ శనివారం పదకొండు గంటలకు. అదే శనివారం తొమ్మిదికి వారపు లెక్కల పరీక్ష. రిజర్వు పిల్లకు సెలవు లేదు. శుక్రవారం సాయంత్రం గేటు దగ్గర మాస్టారు తూనీగను ఆపారు.

"చూడమ్మా. రిజర్వులో నీ పేరుంది. నిన్ను రమ్మని నేను చెప్పను. చెబితే నా ఉద్యోగం ఊడుతుంది. పదకొండుకి, పెద్ద స్టేడియంలో, రెండో గేటు. ఇది ఊరికే సమాచారం."

"రేపు గేటు దగ్గర ఎవరుంటారు సార్?"

"ఎవరుంటారు? నేనే కదా ఉండేది. నేను స్టేడియంలో ఉంటాను" అనేసి, తను అన్నదేమిటో అప్పుడు అర్థమై, ఆయన గబగబా ఇంటికి వెళ్ళిపోయారు.

శనివారం తూనీగ తెలిసిన నాలుగు లెక్కలూ ఇరవై నిమిషాల్లో చేసి, కాగితం మేడమ్‌కిచ్చి, గేటు తీసుకుని బయటపడింది. ఇన్నేళ్ళలో ఆ గేటు దగ్గర మనిషి లేని శనివారం అదొక్కటే. రోడ్డు మీద వాళ్ళమ్మ బస్సు వచ్చింది. అలవాటు కొద్దీ ఆ పిల్ల బస్సు పక్కన పరిగెత్తబోతే వాళ్ళమ్మ రెక్క పట్టుకుని లోపలికి లాగి, ఒక సీటులో కూలేసిందట.

"ఇవ్వాళ కూర్చోవే. కాళ్ళు అక్కడ కావాలి."

"జనం నిలబడ్డారమ్మా."

"నిలబడనీ. నేను టిక్కెట్టు కొట్టాను నీకు."

ఇక్కడ స్టేడియంలో ఫస్ట్ ర్యాంకు కొత్త బూట్లు వేసుకుని, చేతిలో మడతపెట్టిన నోట్సుతో మాస్టారి పక్కన నిలబడి ఉంది. ఎదురుగా తక్కిన బడుల పిల్లలు ఒళ్ళు విరుచుకుంటున్నారు, గెంతుతున్నారు, ఒకళ్ళనొకళ్ళు తోసుకుని నవ్వుకుంటున్నారు. ఆ పిల్ల వాళ్ళను చాలాసేపు చూసింది.

"సార్, నేను లెక్క వేశాను."

"ఏమనమ్మా?"

"వాళ్ళు రెండో రౌండు అయ్యేసరికి నేను ఒకటింబావు దగ్గరుంటాను. నాది పన్నెండో స్థానం."

"మొత్తం ఎంతమంది?"

"పన్నెండు మందే సార్." ఆ పిల్ల నోట్సు ఇంకో మడత పెట్టింది. "నేనెప్పుడూ లాస్టు రాలేదు సార్. ఎలా రావాలో నాకు తెలీదు."

"దాన్దేముంది, అలవాటైపోతుంది" అంది వెనకనుంచి తూనీగ, చెమట తుడుచుకుంటూ. "మొదటిసారే కొంచెం కష్టం."

ఇద్దరూ ఒకే క్లాసులో మూడేళ్ళుగా కూర్చుంటున్నారు. ఒకరు మొదటి బెంచీ, ఒకరు ఆఖరి బెంచీ. ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోవడం అదే మొదలు.

"నువ్వు పరిగెత్తు" అంది ఫస్ట్ ర్యాంకు. "రిజర్వువి నువ్వే కదా."

మాస్టారు ఇద్దరినీ తీసుకుని బల్ల దగ్గరికి వెళ్ళారు. అక్కడి గుమాస్తా ఫారం తిప్పి చూశాడు. రిజర్వు గడి ఉంది, పేరుంది, సంతకముంది, ముద్ర ఉంది.

"అంతా బాగానే ఉంది. అసలు అభ్యర్థి ఎందుకు తప్పుకుంటోంది? కారణం రాయాలి."

మాస్టారు జ్వరమని రాయాలా, కడుపునొప్పి అని రాయాలా అని ఆలోచిస్తున్నారు. ఈలోగా ఫస్ట్ ర్యాంకు పెన్ను తీసుకుని, ఎప్పటిలాగే గుండ్రటి దస్తూరీతో రాసేసింది: నాకంటే ఈమె వేగంగా పరిగెత్తుతుంది.

గుమాస్తా రెండుసార్లు చదివాడు. "పదిహేనేళ్ళుగా ఈ బల్ల దగ్గర కూర్చుంటున్నాను. ఇలాంటి కారణం ఎవరూ రాయలేదే" అని గొణుక్కుంటూ ముద్ర కొట్టాడు.

తూనీగ బళ్ళోకి వేసుకొచ్చిన బూట్ల అడుగు ఊడి నోరు తెరిచి ఉంది. ఫస్ట్ ర్యాంకు తన కొత్త బూట్లు విప్పి ఇచ్చింది. ముందువైపు వదులు. చేతిలో నోట్సు చూసుకుంది, "పరుగు - నిర్వచనము, ఉపయోగములు" అని ఆరు పేజీలు. మూడు పేజీలు ఉండ చేసి కుడి బూటులోను, మూడు పేజీలు ఎడమ బూటులోను కూరింది. ఆ నోట్సు పనికొచ్చింది ఆ ఒక్కరోజే.

పరుగు సంగతి ఏం చెప్పను? తూనీగకు వ్యూహం లేదు, పాడు లేదు. వెనక వాళ్ళమ్మ బస్సు వస్తున్నట్టు పరిగెత్తింది. మొదటి రౌండులో ఏడోది. రెండో రౌండు మలుపులో అయిదోది. మాస్టారు స్టాప్‌వాచ్ నొక్కడం మరిచిపోయి దాన్ని గుప్పిట్లో పిసికేస్తున్నారు. పక్కన ఉత్త సాక్సులతో ఫస్ట్ ర్యాంకు, గొంతెత్తి అరవడం ఎప్పుడూ అలవాటు లేక, నోరు తెరిచి చప్పుడు లేకుండా అరుస్తోంది. గీత దగ్గర నాలుగో పిల్లకూ తూనీగకూ మధ్య జానెడు తేడా. ఆ జానెడులో తూనీగ మూడోది.

గీత దాటి, ఆగింది.

మాస్టారు ఆ రోజు ఇంటికి వెళ్ళి పాత ఆన్సర్ షీట్ల కట్టలోంచి ఆ పిల్ల కాగితం బయటికి తీసి, ఆ ఒక్క ప్రశ్నకు పెట్టిన తప్పు గుర్తు కొట్టేసి ఒక మార్కు వేశారు. ఇరవైకి ఏడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయన చేసిన ఒకే ఒక అక్రమం ఇదే, దీన్ని నేను సమర్థించను.

సోమవారం ఉద్యోగం పోతుందనుకుంటూనే ప్రిన్సిపాలు గదిలోకి వెళ్ళారు. ప్రిన్సిపాలు లేచి వచ్చి చెయ్యి కలిపారు.

"చూశారా మాస్టారూ, రాతపరీక్ష ఎంత పని చేసిందో! రిజర్వు పిల్లే మూడోదిగా వచ్చిందంటే మన ప్రమాణాలు ఎలా ఉన్నాయో ఆలోచించండి."

మధ్యాహ్నానికి గేటు మీద ఫ్లెక్సీ లేచింది. "చదువూ ఆటా మాకు రెండు కళ్ళు." ఒక కంట్లో ఫస్ట్ ర్యాంకు, ఒక కంట్లో తూనీగ, నుదుట ప్రిన్సిపాలు. వచ్చే ఏడాది నుంచి "రన్నింగ్ ఇంటెన్సివ్" అనే కొత్త బ్యాచీ కూడా ప్రకటించారు. మెటీరియల్ ఇస్తారు, వారం వారం పరీక్ష ఉంటుంది, వెనకబడ్డవాళ్ళకు ఆదివారాలు ప్రత్యేక తరగతులు. పరుగు ఎక్కడ అంటారేమిటి? ముందు సిలబస్ పూర్తి కావాలి కదా.

అక్కడే చిక్కొచ్చి పడింది. క్రీడా పాఠశాలలో చేరాలంటే టీసీ కావాలి. కండక్టరమ్మ డ్యూటీ మధ్యలో, భుజాన టిక్కెట్ల మిషనుతోనే వచ్చింది. మాస్టారు తలుపు దగ్గర నిలబడ్డారు.

"టీసీ ఎలా ఇస్తామమ్మా?" అన్నారు ప్రిన్సిపాలు బాధగా. "మీ అమ్మాయి మా బడికే గర్వకారణం. చదువునూ ఆటనూ ఎలా సమం చెయ్యాలో లోకానికి చూపించిన పిల్ల. అలాంటి పిల్లను ఆటల బడికి పంపి చదువు పాడుచేస్తామా? ఇక్కడే ఉండనివ్వండి."

"ఇక్కడుంటే పరిగెత్తనిస్తారా సార్?"

"ఇంక పరిగెత్తడం దేనికమ్మా? వచ్చేసింది కదా మూడో స్థానం."

అప్పుడు తలుపు దగ్గరినుంచి మాస్టారి గొంతు వినిపించింది. అంత చిన్న గొంతు ఆ గదిలో ఎప్పుడూ విని ఉండరు, ఎందుకంటే ఆ గదిలో ఆయన గొంతే ఎప్పుడూ వినలేదు.

"సార్, చివరి అయిదుగురికి టీసీలిచ్చే జాబితాలో ఈ పిల్ల పేరు పోటీకి ముందే ఎక్కింది. సంతకం మీదే. ఫైలు తెమ్మంటారా?"

ప్రిన్సిపాలు ముఖం కందగడ్డయింది. కండక్టరమ్మ మాస్టారి వైపు చూసింది, ప్రిన్సిపాలు వైపు చూసింది. కోపం రాలేదు ఆమెకు. రోజుకు వెయ్యిమందితో మాట్లాడే మనిషి.

"గర్వకారణాన్ని ఫ్లెక్సీ మీద ఉంచుకోండి సార్. నాకేం అభ్యంతరం లేదు. పిల్లను మాత్రం నాకిచ్చెయ్యండి."

"ఫ్లెక్సీ ఏడాదిపాటు ఉంచుకోవచ్చా?"

"రెండేళ్ళు ఉంచుకోండి సార్. చిరిగితే కొత్తది వేయించుకోండి."

సంతకం పడింది. తూనీగ వెళ్ళిపోయింది. చూశారా ఆట వల్ల నష్టం? బడికి ఒక నలభై ఒకటో ర్యాంకు శాశ్వతంగా పోయింది.

ఇంతటితో పోయుంటే నేను ఇంత బాధపడేవాణ్ణి కాదు. అసలు అనర్థం తర్వాత జరిగింది.

ఆ వారమే ఒక సాయంత్రం, బడి వదిలాక, ఫస్ట్ ర్యాంకు కారు ఇంకా రాలేదు. ఆ పిల్ల సంచీ మాస్టారి కుర్చీలో పెట్టి, గేటు దగ్గర ఆయన పక్కన నిలబడింది.

"సార్, ఇక్కణ్ణుంచి ఆ మలుపు దాకా పరిగెత్తి రావచ్చా?"

"పోటీ ఏమీ లేదు కదమ్మా."

"లేదు సార్."

"సర్టిఫికెట్టు కూడా రాదు."

"తెలుసు సార్."

"మరి దేనికి?"

ఆ పిల్ల ఆలోచించింది. ఏ ప్రశ్నకైనా ఆరు లైన్ల జవాబు రాసే పిల్ల. ఆరు లైన్లూ వెతుక్కుంది, దొరకలేదు.

"ఊరికే సార్."

మాస్టారు గేటు తీశారు. ఆ పిల్ల పరిగెత్తింది. ఎంత ఘోరంగా పరిగెత్తిందో నేను వర్ణించలేను. చేతులొకవైపు, కాళ్ళొకవైపు, జడ మరొకవైపు. మలుపు దగ్గర బోర్లాపడింది. లేచింది. మోకాలు చూసుకుంది. చెక్కుకుపోయి ఎర్రగా ఉంది. దాన్ని వేలితో తాకి చూసి, ఎందుకో నవ్వింది. కారు కోసం నిలబడ్డ ఇంకో ఇద్దరు ఆ నవ్వు చూసి సంచీలు కింద పడేశారు. మర్నాటికి తొమ్మిది మంది అయ్యారు. వాళ్ళలో ఏ ఒక్కరూ దేన్లోనూ గెలవరు, గెలవాలని కూడా లేదు. మాస్టారు ఈల ఊదరు, వాచీ చూడరు, పేర్లు రాసుకోరు. గేటు తీస్తారు, అంతే. కార్లు రావడానికి పట్టే పావుగంటా అదే వరస.

అయ్యలారా, అమ్మలారా, ఇది చదివి నవ్వుకోండి, కోప్పడండి, మీ ఇష్టం. ప్రిన్సిపాలుకు మాత్రం చెప్పకండి. చెప్పారంటే సోమవారం నుంచి టైంటేబుల్లో "ఊరికే" అని ఒక సబ్జెక్టు చేరుతుంది, శనివారం దాని మీద వారపు పరీక్ష ఉంటుంది.